వంటింట్లోకి వచ్చిన పాట

గుడివాడ నుంచి ఒక సోదరి పోయిన నెలలో ఉత్తరం రాశారు.

"మా ముందుగదిలో మావారు ముచ్చటపడి కొన్న పాత స్టీరియో సెట్టు ఉంది. ఆంప్లిఫయరు, క్యాసెట్ డెక్కు, రెండు పెద్ద చెక్కపెట్టె స్పీకర్లు. ఈమధ్య మా అబ్బాయి హైదరాబాదు నుంచి వస్తూ వైర్లు లేని చిన్న స్పీకరు తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది. 'ఇంక ఆ పాత బండ తీసేద్దాం అమ్మా, సగం గది అదే ఆక్రమించింది' అన్నాడు. మావారికి కోపం వచ్చి రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? మీరైతే ఏం చేస్తారు?"

సోదరీ, మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఎందుకంటే ఈ తగవు మా ఇంట్లో రెండేళ్ల క్రితమే జరిగింది! నా జవాబు ముందే చెప్పేస్తున్నాను. ఏదీ తీసెయ్యకండి. రెండింటికీ పెళ్లి చెయ్యండి. ముందుగదిలో పెద్ద సెట్టు పాడుతుంటే, అదే పాట ఆ చిన్న స్పీకరులోంచి మీ వంటింట్లో వినబడేటట్టు చేసుకోవచ్చు. దీనికి ఇంజనీరు అక్కర్లేదు. ఓ చిన్న డబ్బీ, ఓ వైరు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఎలాగో చెప్పే ముందు మా ఇంటి సంగతి చెప్తాను. ఈ స్పీకరు ఎందుకో తెలిస్తే, ఎలాగో తొందరగా అర్థమవుతుంది.

గోడ అవతలి పాట

మా అత్తవారి ఊరు ఘంటసాల. బౌద్ధ స్తూపం, జలధీశ్వరాలయం ఉన్న పాత ఊరు. మా ఊరి పేరు చెప్పగానే చాలామంది "గాయకుడు ఘంటసాలగారి ఊరా?" అని అడుగుతారు. అది ఆయన ఇంటిపేరు. ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో, 1922 డిసెంబరు 4న. అయినా ఆ పేరు మోస్తున్నందుకు మా ఊరివాళ్లకి ఆయన పాటంటే కాస్త ఎక్కువ చనువే!

మా మామయ్యగారికి పాటలంటే ప్రాణం. 1980లలో పంట బాగా వచ్చిన ఒక ఏడు విజయవాడ వెళ్లి స్టీరియో కొనుక్కొచ్చారు. అప్పటినుంచీ సాయంత్రమైతే ముందుగదిలో కచేరీయే. నలుగురు స్నేహితులు వచ్చి కూర్చునేవారు. ఒకసారి ఘంటసాల, ఒకసారి లీల, ఒకసారి సుశీల. అత్తయ్యగారు వంటింట్లోంచి కాఫీలు పంపించేవారు. పళ్లెం గుమ్మం దాకా వచ్చేది, ఆవిడ మాత్రం గుమ్మం అవతలే ఉండేవారు.

మామయ్యగారు పోయాక ఆ సెట్టు మీద అత్తయ్యగారు కుట్టుపని చేసిన గుడ్డ ఒకటి కప్పేశారు. అంతే, తరవాత ఎవరూ దాన్ని తియ్యలేదు. రెండేళ్ల క్రితం సంక్రాంతికి అందరం కలిసినప్పుడు మా మరిది, "ఎందుకు వదినా, ఎలకలు కాపురం పెడతాయి, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నాడు. మావారు ససేమిరా అన్నారు. మాటా మాటా పెరిగింది. అత్తయ్యగారు మాత్రం ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి వంటిల్లు సర్దుకుంటూ నేనే అడిగాను, "మామయ్యగారు పెట్టే పాటల్లో మీకు ఏది ఇష్టం అత్తయ్యా?" అని.

ఆవిడ కాసేపు ఆలోచించి, "నాకు పాటలు తెలియవమ్మా" అన్నారు. "గోడ అవతల నుంచి రాగం వినబడేది. పోపు చిటపటల్లో మాటలు తెలిసేవి కావు. ఏ పాటో అడుగుదామనుకునేదాన్ని. అక్కడ నలుగురు మగవాళ్లు కూర్చుని ఉంటే ఏం వెళ్లి అడుగుతాం?"

ముప్ఫై ఏళ్లపాటు ఆ ఇంట్లో పాట మోగింది. ఆ ఇంటి ఇల్లాలికి మాత్రం సగమే చేరింది! ఆవిడని ఎవరూ రావద్దనలేదు, వినొద్దనలేదు. స్పీకరు పెట్టిన చోట ఆవిడ లేరు, ఆవిడ ఉన్న చోట స్పీకరు లేదు. అంతే.

మీ ఇంట్లో ఎలా ఉందో ఒకసారి చూసుకోండి. టీవీ ఎక్కడ, పాటల సెట్టు ఎక్కడ, మెత్తటి కుర్చీ ఎక్కడ? రోజులో ఎక్కువ గంటలు మీరు నిలబడేది ఎక్కడ?

నీలిపన్ను రాజుగారు

ఈ వైరు లేని స్పీకర్లన్నిటి మీదా బ్లూటూత్ అని రాసి ఉంటుంది. ఆ మాటకి అర్థం నీలిపన్ను! పదో శతాబ్దంలో డెన్మార్కుని ఏలిన హెరాల్డు అనే రాజుకి ఉన్న మారుపేరు అది. ఆయన విడివిడిగా ఉన్న రాజ్యాలను కలిపాడని ప్రతీతి. విడివిడిగా ఉన్న యంత్రాలను కలుపుతుంది కదా అని దీనికీ ఆ పేరే పెట్టారు. స్వీడన్‌లోని ఎరిక్‌సన్ కంపెనీలో 1994లో ఈ పని మొదలైంది. 1998లో మరికొన్ని పెద్ద కంపెనీలు కలిసి అందరికీ ఒకే పద్ధతి ఉండాలని సంఘంగా ఏర్పడ్డాయి. అందుకే ఏ కంపెనీ ఫోనైనా ఏ కంపెనీ స్పీకరుతోనైనా మాట్లాడగలుగుతోంది.

ఇది కూడా రేడియో లాంటిదే. కాకపోతే విజయవాడ నుంచి వచ్చే రేడియో కాదు, మన ఇంటి ముందుగది నుంచి వంటింటి దాకా మాత్రమే వచ్చే బుల్లి రేడియో. అడ్డు లేకపోతే సుమారు 10 మీటర్లు, అంటే 30 అడుగుల దాకా బాగా పనిచేస్తుంది. మధ్యలో గోడలుంటే ఆ మేరకు తగ్గుతుంది.

మీ చిన్న స్పీకరుకి వినడం తెలుసు. మీ పాత ఆంప్లిఫయరుకి మాత్రం ఈ భాషలో పంపడం తెలియదు. దానికి ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీయే బ్లూటూత్ ట్రాన్స్‌మిటరు అనే అగ్గిపెట్టెంత డబ్బీ. వెయ్యి నుంచి రెండు వేల రూపాయల లోపు దొరుకుతుంది.

నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి

నా తెలివి చూడండి! మొదట నేను తెప్పించింది రిసీవరు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. రిసీవరు ఫోనులోని పాటను అందుకుని పాత సెట్టుకి ఇస్తుంది. ట్రాన్స్‌మిటరు సెట్టులోని పాటను బయటికి పంపుతుంది. మనకి కావలసింది రెండోది. నేను రిసీవరు పెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా కుస్తీ పట్టాను. స్పీకరు ఉలకదు, పలకదు. "రెండువైపులా చెవులు పెట్టుకు కూర్చుంటే మాట్లాడేదెవరు?" అని మావారు ఒకటే నవ్వు.

కొనేటప్పుడు పెట్టె మీద ట్రాన్స్‌మిటరు అని గానీ, టీఎక్స్ అని గానీ ఉందో లేదో చూడండి. ఆర్‌ఎక్స్ అని మాత్రమే ఉంటే వద్దు. రెండు పనులూ చేసే డబ్బీలు కూడా వస్తున్నాయి. వాటికి పక్కన చిన్న మీట ఉంటుంది. డబ్బు కాస్త ఎక్కువైనా అదే మేలు. ఇవాళ సెట్టులోని పాటను వంటింటికి పంపొచ్చు, రేపు ఫోనులోని పాటను పెద్ద స్పీకర్లలో వినొచ్చు.

కలిపే పద్ధతి

ఏళ్ల తరబడి మూలపడ్డ సెట్టయితే తీసీ తియ్యగానే ప్లగ్గు పెట్టకండి. మన డెల్టా ఊళ్లలో తేమ ఎక్కువ. లోపల దుమ్ము, బొద్దింకలు, ఒక్కోసారి ఎలకలు కొరికిన వైర్లు ఉంటాయి. తెలిసిన మెకానిక్కు చేత ఒకసారి విప్పించి, తుడిపించి, పరీక్ష చేయించండి. క్యాసెట్ డెక్కులో రబ్బరు బెల్టు సాగిపోయి బంకలాగా అయి ఉంటుంది. అది మార్పిస్తే చాలాసార్లు డెక్కు మళ్లీ తిరుగుతుంది. క్యాసెట్ల టేపు మీద తెల్లగా బూజు కనబడితే అది డెక్కులో పెట్టకండి. ఆ బూజు హెడ్డుకి అంటి మంచి క్యాసెట్లనీ పాడుచేస్తుంది.

సెట్టు బాగుందనుకున్నాక ఈ వరుసలో చెయ్యండి.

ఒకటి: సెట్టు ఆపేసి, వెనకవైపు చూడండి. టేప్ అవుట్, రెక్ అవుట్, లైన్ అవుట్... ఈ మూడింటిలో ఏదో ఒక పేరుతో ఎరుపు, తెలుపు రంగుల గుండ్రటి రంధ్రాలు ఉంటాయి. మన డబ్బీ వైరు వెళ్లాల్సింది అక్కడికే. ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఈ రంధ్రాల్లోంచి వచ్చే పాటకి ముందుగది వాల్యూముతో సంబంధం ఉండదు. అక్కడ పూర్తిగా తగ్గించినా మీ వంటింట్లో పాట ఆగదు!

రెండు: బాగా పాత సెట్లకి ఈ రంధ్రాల బదులు అయిదు సన్నటి బెజ్జాలున్న గుండ్రటి సాకెట్టు ఉంటుంది. దాన్ని డిన్ సాకెట్టు అంటారు. దానికి సరిపడే మారు వైరు ఎలక్ట్రానిక్స్ కొట్లలో అడగండి. ఏదీ లేకపోతే హెడ్‌ఫోను రంధ్రం వాడుకోవచ్చు. కాకపోతే అందులో వైరు పెట్టగానే చాలా సెట్లలో పెద్ద స్పీకర్లు ఆగిపోతాయి.

మూడు: పెద్ద స్పీకర్లకి వెళ్లే వైర్లు బిగించే చోట మాత్రం ఈ డబ్బీని ఎట్టి పరిస్థితిలోనూ తగిలించకండి. అక్కడ వచ్చే కరెంటు జోరుకి డబ్బీ కాలిపోవచ్చు, ఆంప్లిఫయరుకీ ప్రమాదమే.

నాలుగు: డబ్బీకి కరెంటు ఫోను ఛార్జరు నుంచి ఇవ్వొచ్చు. స్పీకరును డబ్బీ పక్కనే పెట్టి, రెండింటినీ జతపరిచే బటను నొక్కి పట్టుకోండి. దీపాలు టపటపా కొట్టుకుంటాయి. అవి స్థిరపడితే జత కుదిరినట్టే. ఈ పని చేసేటప్పుడు ఇంట్లో ఫోనులన్నిటికీ బ్లూటూత్ ఆపెయ్యండి. లేకపోతే స్పీకరు మనల్ని వదిలేసి అబ్బాయి ఫోనుతో చెలిమి కడుతుంది.

అయిదు: పాట పెట్టి, స్పీకరు చేత్తో పట్టుకుని మెల్లగా వంటింటి వైపు నడవండి. ఎక్కడ తెగుతోందో చూడండి. మా ఇంట్లో పాత ఇటుక గోడలు, రెండు జానల మందం. నడవ దాటగానే పాట ముక్కలైపోయింది. చూస్తే, డబ్బీ ఇనప బీరువా వెనక ఉంది! దాన్ని తీసి నడవలోకి చూసే కిటికీ దగ్గర పెట్టాం. వంటింటి గూటి దాకా చక్కగా వచ్చింది. ఇనప బీరువాలు, ఫ్రిజ్జులు ఈ తరంగాలకి పెద్ద అడ్డు అని గుర్తుంచుకోండి.

మైక్రోవేవ్ పొయ్యి ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించండి. అది నడుస్తున్నప్పుడు పాట గరగరలాడొచ్చు. ఆ పొయ్యి, బ్లూటూత్ రెండూ ఒకే రకం తరంగాలను వాడతాయి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. స్పీకరు పాడైందని కంగారు పడకండి, పొయ్యి ఆగగానే సర్దుకుంటుంది.

రెండూ కలిసి పాడితే...

ఇక్కడ ఒక చిక్కుంది. కొట్లో ఎవరూ చెప్పరు కనుక నేను చెప్తున్నాను. వైరులో పాట వెంటనే వెళ్తుంది. బ్లూటూత్‌లో పాటను ముందు కుదించి, పంపి, అవతల మళ్లీ విప్పాలి. దానికి సెకనులో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఆలస్యమవుతుంది. అంతేనా అనుకోకండి. సెకనులో అయిదో వంతు అంటే శబ్దం దాదాపు 70 మీటర్లు నడిచేంత సేపు! అందుకని పెద్ద స్పీకర్లు, చిన్న స్పీకరు రెండూ ఒకే గదిలో మోగితే బావిలోకి అరిచినట్టు ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది.

మా ఆడపడుచు కూతురు కూచిపూడి నేర్చుకుంటోంది. కూచిపూడి గ్రామం మాకు దగ్గరే. సెలవులకి వచ్చినప్పుడు వసారాలో అభ్యాసం చేస్తుంటే ముందుగది నుంచి పెద్ద స్పీకరు, వంటింట్లోంచి చిన్న స్పీకరు రెండూ వినబడి, పాపం ఆ పిల్లకి ఏ తాళానికి అడుగు వెయ్యాలో తెలియలేదు. "అమ్మమ్మా, నట్టువాంగం ఇద్దరు చేస్తున్నారు!" అని అరిచింది. పెద్ద స్పీకర్ల వాల్యూము తగ్గించి చిన్నది ఒక్కటే వసారాలో పెట్టాం. అడుగు కుదిరింది.

అందుచేత సూత్రం ఇది. రెండు స్పీకర్లూ ఒకదాని శబ్దం ఒకదానికి గట్టిగా వినబడనంత ఎడంలో ఉంటే రెండూ మోగించండి. ఒకేచోట ఉంటే ఒక్కటే మోగించండి. టీవీకి కలిపినా ఈ ఆలస్యం వల్లే బొమ్మ పెదవి ముందు కదిలి, మాట వెనక వస్తుంది. మీ స్పీకరుకి ఆక్స్ అనే రంధ్రం ఉంటే వైరుతో కలుపుకోండి, ఆ బాధ ఉండదు. కొత్త స్పీకర్లలో కొన్నింటికి ఆ రంధ్రం తీసేస్తున్నారు. కొనేటప్పుడే చూసుకోవడం మంచిది.

వంటింట్లో స్పీకరుకి చోటు

పొయ్యికి దూరంగా, చెవి ఎత్తున ఉన్న గూడు మంచిది. మరీ మూలకి నెడితే కింది స్వరాలు బొంగురుగా పెరిగి మాటలు మసకబారతాయి. గోడకి జానెడు ముందుకి పెట్టండి.

పెట్టె మీద ఐపీఎక్స్ 7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం. అది మంచినీళ్ల మాట. పులుసు మరిగే ఆవిరికీ, పోపులో చిందే నూనెకీ ఆ హామీ లేదు. తడిచేత్తో ఛార్జింగు పెట్టకండి. లోపల ఉండేది లిథియం బ్యాటరీ, దానికి వేడి పడదు. పొయ్యి పక్కనా, ఎండపడే కిటికీలోనూ ఉంచకండి. ఎప్పుడైనా స్పీకరు ఉబ్బినట్టు కనబడితే మాత్రం ఇక వాడొద్దు, ఛార్జింగూ పెట్టొద్దు. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జింగుతో ఉంచండి.

పాట ఎంత గట్టిగా? ఎదురుగా ఉన్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే సరైన కొలత. మనం చేసే పొరపాటేమిటంటే మిక్సీ తిరుగుతుంటే పాట పెంచుతాం, మిక్సీ ఆగాక తగ్గించడం మరిచిపోతాం. మిక్సీ వేసినప్పుడు పాట ఆపండి, రెండు నిమిషాలే కదా! చెవిలో పెట్టుకునే వాటికన్నా వంటింట్లో ఈ స్పీకరే నయం. కుక్కరు విజిళ్లు లెక్క తప్పవు, పిల్లవాడి ఏడుపు వినబడుతుంది, గుమ్మంలో ఎవరు పిలిచినా తెలుస్తుంది.

గాలివాన రోజున

మన ప్రాంతం వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనని దివిసీమ మరిచిపోలేదు. వేలమంది పోయారు. మా అత్తయ్యగారు ఇప్పటికీ కార్తీకంలో గాలి మారితే రేడియో ఏదీ అని వెతుక్కుంటారు. గాలివాన వస్తే ముందు పోయేది కరెంటు. ముందుగది సెట్టు ఎంత పెద్దదైనా అప్పుడు మూగదే. ఫోను టవర్లు కూడా ఆగిపోవచ్చు.

అందుకని కొనేటప్పుడు ఎఫ్.ఎం. రేడియో ఉన్న స్పీకరే తీసుకోండి. వైరు లేకుండా, ఫోను లేకుండా వార్తలు వినొచ్చు. కొన్నింటిలో ఛార్జింగు వైరు తగిలిస్తేనే ఏరియల్‌లాగా పనిచేసి స్టేషను పలుకుతుంది. కొన్న రోజే ఇంట్లో ఎక్కడ పెడితే బాగా వస్తుందో చూసి ఉంచుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో బియ్యం డబ్బా నిండుగా ఉందో లేదో చూసినట్టే స్పీకరు ఛార్జింగు కూడా చూసుకోండి.

మామూలు రోజుల్లో ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని ఫోనులో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ద్వారా పెట్టి స్పీకరుకి కలుపుకోవచ్చు. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం అది. పొద్దున్నే భక్తిరంజని వింటూ పొయ్యి వెలిగించిన అమ్మల తరం మనది. అప్పట్లో రేడియోకి లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టేవారు. 1980ల మధ్యలో అది రద్దయింది. రేడియో లేని ఇళ్లవాళ్లు పంచాయతీ ఆఫీసు మీది మైకు కింద నిలబడి వినేవారు. ఆలోచిస్తే, ఒకచోట ఉన్న సెట్టుకి ఇంకొకచోట స్పీకరు తగిలించడం కొత్త ముచ్చటేమీ కాదు. అప్పుడు ఊరి నడిబొడ్డుకి వచ్చిన పాట, ఇప్పుడు మన వంటింటి దాకా వస్తోంది, అంతే.

"ఇదా ఆ పాట!"

మళ్లీ మా ఇంటికి వద్దాం. అన్నీ కుదిరాక మావారు ముందుగదిలో మామయ్యగారి క్యాసెట్ ఒకటి పెట్టారు. అత్తయ్యగారు వంటింట్లో పీట వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. గూట్లోంచి ఘంటసాలగారి గొంతు వచ్చింది. 1974లో పోయిన మనిషి మన పక్కనే నిలబడి పాడుతున్నట్టుంది. అత్తయ్యగారి చెయ్యి ఆగిపోయింది.

పాట అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక, "ఇదా ఆ పాట! ఇన్నేళ్లూ నేను వేరే మాటలనుకుని పాడుకుంటున్నానే" అని నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "ఆయన దీన్ని రోజూ పెట్టేవారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది" అన్నారు.

మా మరిది గుమ్మంలోనే నిలబడిపోయాడు. పాత సామాన్లవాడి మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు తనే బందరు వెళ్లి సెట్టుకి కొత్త దుమ్ము కవరు తెచ్చాడు.

ఆ తరవాత వారం రోజులు ఆవిడకి స్పీకరు మీది బటన్లు నేర్పించాను. పెంచేది ఇది, తగ్గించేది ఇది, ఆపేది ఇది అని. కళ్లు సరిగ్గా ఆనవు కనుక పెంచే బటను మీద చిన్న బొట్టుబిళ్ల అంటించాను. చేత్తో తడిమితే తెలుస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే మీరూ ఇలా చెయ్యండి. స్పీకరు తెచ్చి ఎదురుగా పెట్టినంత మాత్రాన సరిపోదు. ఆపడం, పెంచడం వాళ్ల చేతికి రావాలి. లేకపోతే అదీ గోడ అవతలి పాటే అవుతుంది.

కాబట్టి గుడివాడ సోదరీ! అబ్బాయితో, "నీ స్పీకరు చాలా బాగుంది నాన్నా, దీన్ని నాన్నగారి సెట్టుకి కలిపిపెట్టు" అనండి. మీవారితో, "మీ సెట్టు ఎక్కడికీ పోదు, దాని పాట నాక్కూడా కావాలి" అనండి. తండ్రీ కొడుకులు ఇద్దరూ కలిసి ఆ వైర్ల దగ్గర తలలు పెట్టుకు కూర్చుంటే వాళ్ల మౌనం కూడా ఆ పూటతో తీరిపోతుంది. మీరు మాత్రం స్పీకరు మీ వంటింటి గూట్లోకి చేరేదాకా కాఫీ ఇవ్వకండి!

పోయిన ఆదివారం ఘంటసాల ఫోను చేశాను. అత్తయ్యగారు కోపంగా ఉన్నారు. మనవడు స్పీకరు పట్టుకుని మేడ మీదికి వెళ్లిపోయాడట. "చూడమ్మా, నా స్పీకరు వాడు ఎత్తుకుపోయాడు. నా పాటల వేళకి తెచ్చి పెట్టమని చెప్పు" అన్నారు.

ఏ పాటో అడగడానికి ముప్ఫై ఏళ్లు మొహమాటపడిన మనిషి ఆవిడ!

వచ్చే వారం, వానాకాలంలో పప్పులకీ రవ్వకీ పురుగు పట్టకుండా ఏం చెయ్యాలో చూద్దాం. మీకు తెలిసిన పద్ధతులుంటే రాయండి.